పోస్టరు మీద ఏడు గంటలు, స్టేజీ మీద తొమ్మిదిన్నర

సంపాదకుల వారికి నమస్కారం.

శివరాత్రితో మొదలై వైశాఖం ముగిసేదాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో తిరునాళ్లో కొలుపులో జరుగుతూనే ఉంటాయి. ఫాల్గుణ పౌర్ణమికి అద్దంకి దగ్గర సింగరకొండ, వైశాఖంలో జొన్నవాడ, పెంచలకోన ఉత్సవాలు, మధ్యలో ఊరూరా పోలేరమ్మ, అంకమ్మ కొలుపులు. పేరున్న జానపద గాయకుడి పార్టీకి (పాట బృందానికి) ఈ రోజుల్లో వరసబెట్టి ప్రోగ్రాములు ఉంటాయి. పోస్టరు మీద 'రాత్రి 7 గంటలకు' అని పెద్దక్షరాలతో వేస్తారు. జనం ఏడింటికే చాపలు పరుచుకుని కూర్చుంటారు. పాట మొదలయ్యేది మాత్రం తొమ్మిదిన్నరకు. పది కాగానే పోలీసులు వచ్చి మైకు కట్టేయమంటారు. రెండున్నర గంటలు విందామని పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు నాలుగు పాటలు విని లేచిపోతారు. తిట్లు మాత్రం గాయకుడికి పడతాయి.

ఈ పార్టీల ప్రయాణాలు, బసలు, లెక్కలు చూసే మేనేజర్లం మేం. ఆ రెండున్నర గంటలు ఎక్కడ పోతున్నాయో, వాటిని ఎలా మిగుల్చుకోవచ్చో ఉత్సవ కమిటీల వాళ్లకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అది ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకూడదు. మన ఊరి తిరునాళ్ల ఆ 15 రోజుల్లో ఉందో లేదో అడగకుండానే చాలా కమిటీలు పన్నెండు దాకా ఉందనుకుంటాయి. అక్కడే మొదటి పొరపాటు. మైకుకు పోలీసు అనుమతి కాగితం రూపంలో చేతిలో ఉండాలి, ఎస్సై గారు సరే అన్నారన్న మాట చాలదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండొచ్చు. మన ప్రోగ్రాములు సగం హైస్కూలు గ్రౌండుల్లోనే పెడతారు కాబట్టి పోస్టరు అచ్చు వేయించకముందే ఆ స్థలానికి అనుమతి వస్తుందో రాదో కనుక్కోవాలి.

కాబట్టి పదిని గీతగా పెట్టుకుని వెనక్కి లెక్కేసుకోవాలి. పదికి ముగియాలంటే మొదటి పాట ఏడున్నరకు అందుకోవాలి. దీపం వెలిగించడం, పెద్దల మాటలు ఏడు నుంచి ఏడున్నర మధ్య అయిపోవాలి. ఆరున్నరకు డప్పులు కాగి సిద్ధంగా ఉండాలి. ఐదు నుంచి ఆరుంబావు దాకా సౌండ్ చెక్. అంటే నాలుగింటికే మైకు సెట్టు మొత్తం నిలబెట్టి, వైర్లు లాగి, ఒకసారి మోగించి చూసి ఉండాలి. పార్టీ మూడింటికి ఊళ్లో దిగాలి. నెల్లూరు నుంచి ఉదయగిరి వైపు ఊరైతే నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దారిలో భోజనంతో కలిపి మూడున్నర, నాలుగు గంటలు పెట్టుకోవాలి. వ్యాను పదకొండుకు కదలాలి. సామాను ఎక్కించడానికి ఒక గంట. ప్రోగ్రాం అయ్యాక సామాను సర్ది, తిని, బసకు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. జనానికి కనపడేది రెండున్నర గంటలు, పార్టీ పని పదిహేను గంటలు. ఇందులో ఎక్కడ ఒక గంట జారినా ఆ గంట పాటలోంచే తెగుతుంది, ఎందుకంటే చివరి గీత కదలదు.

ఈ లెక్క ఒకప్పుడు ఇంత బిగువుగా ఉండేది కాదు. బుర్రకథకు ముగ్గురు చాలు. కథకుడు తంబురతో, రెండు పక్కలా వంతలు డక్కీలతో. ముగ్గురూ బస్సెక్కి వాద్యాలు ఒళ్లో పెట్టుకుని వచ్చేసేవాళ్లు. ఇవాళ పేరున్న గాయకుడి పార్టీ అంటే గాయకుడు, ఇద్దరు సహగాయకులు, కోరస్ పాడుతూ ఆడే నలుగురు, డప్పులు ముగ్గురు, డోలక్ ఒకరు, హార్మోనియం లేదా కీబోర్డు ఒకరు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ ఒకరు, మేనేజరు, వెరసి పద్నాలుగు మంది. డ్రైవరు అదనం. 17 సీట్ల వ్యాను తీసుకుని వెనక సీట్లు విప్పించి సామాను పెట్టుకుంటే సరిపోతుంది. పైన క్యారియరు మీద బట్టల పెట్టెలు పెట్టొచ్చు గానీ చర్మవాద్యం ఒక్కటి కూడా ఎక్కించకూడదు. ఎండకు చర్మం బిర్రబిగిసి అంచు దగ్గర చీలుతుంది, వాన పడితే నానిపోతుంది. డప్పుల్ని ఒకదాని మీద ఒకటి బోర్లించకుండా, మధ్యలో దుప్పటి మడతలు పెట్టి పుస్తకాల్లా నిలబెట్టాలి. హార్మోనియం నేల మీద, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. పక్కకు పడేస్తే రీడ్ల మీదికి దుమ్ము చేరుతుంది. మే నెలలో అద్దాలు మూసిన వ్యానులో వాద్యాలు వదిలి భోజనానికి పోకూడదు. ఆ వేడికి హార్మోనియం జిగురు వదులై గాలి తిత్తి అతుకులు ఊడతాయి, డోలక్ చర్మానికి పూసిన కరణి ముద్ద పగుళ్లిస్తుంది.

బండి పసుపు బోర్డుదే అయి ఉండాలి. కమిటీలో ఒకాయన తెల్ల బోర్డు బండి చవకగా పంపిస్తానంటారు. అద్దెకు తిప్పే అనుమతి లేని ఆ బండికి దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంటుంది. చెన్నై వైపు ప్రోగ్రాములకు తడ దాటాల్సి ఉంటుంది కాబట్టి తమిళనాడు పర్మిటు, పన్ను రసీదు ముందురోజే కట్టించి పెట్టుకోవాలి.

దూరప్రయాణాలకు రైలు మంచిదే, కానీ సామాను చిక్కు. స్లీపరులో మనిషికి 40 కిలోలు ఉచితం. బోగీలోకి తీసుకుపోయే పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. డప్పుల సంచి ఈ కొలతలో సరిపోతుంది, డోలక్ పెట్టె, కీబోర్డు పెట్టె సరిపోవు. వాటిని పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేకువ్యానులో వేయాలి. కావలి, సింగరాయకొండ లాంటి స్టేషన్లలో బండి ఒకటి రెండు నిమిషాలు ఆగితే అంతలో పెట్టెలు దించడం కుదరదు. అందుకే పెట్టెలు ఉన్నప్పుడు నెల్లూరులోనో ఒంగోలులోనో దిగి అక్కణ్నుంచి వ్యానులో పోవడం మేలు. టికెట్ల రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పండగల రోజుల్లో పద్నాలుగు బెర్తులు ఒకేచోట కావాలంటే తొలిరోజు ఉదయమే కూర్చోవాలి, అంటే కమిటీ తేదీ ఖాయం చేయడం కూడా రెండు నెలల ముందే కావాలి. ప్రదర్శనకు పోయే కళాకారులకు రైల్వే టికెట్టులో రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపిన రాయితీల్లో అదీ ఉంది. దాన్ని తిరిగి ఇవ్వాలని మన ఎంపీలు అడగాలి. డప్పు కొట్టి బతికేవాడికి ఆ రాయితీ ఒక పూట కూలితో సమానం.

ఇక చర్మాల సంగతి. దీని గురించి కమిటీలకు ఏమీ తెలియదు, పాట ఆలస్యమయ్యేది ఎక్కువగా దీనివల్లే. డప్పు చర్మం గాలిలో తేమ పీల్చి సడలుతుంది. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊళ్లలో సాయంత్రం గాలి తిరగ్గానే మధ్యాహ్నం ఖణీమన్న డప్పు మొద్దుగా పలుకుతుంది. అప్పుడు మంట కావాలి. ఎండు తాటాకు, ఎండు గడ్డి, కొబ్బరి మట్టలు మంచివి. మంట సన్నగా, పొగ తక్కువగా ఉంటుంది. టైరు ముక్కలు, పెట్రోలు వాడకూడదు, మసి పట్టి చర్మం గట్టిపడుతుంది. మూరెడు ఎత్తులో పట్టుకుని తిప్పుతూ, మధ్యమధ్య అంచున వేలితో తట్టి వింటూ కాచాలి. ఒకేచోట నిలిపితే చర్మం కాలి బూడిదరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ దగ్గరే తర్వాత చిరుగుతుంది. ఒక్కో డప్పుకు పావుగంట. తేమ గాలిలో అరగంట వాయించేసరికి మళ్లీ దిగిపోతుంది కాబట్టి ముగ్గురు వాయించేవాళ్లకు ఐదారు డప్పులైనా ఉండాలి. వేదిక మీద మూడు మోగుతుంటే కింద మూడు కాగుతుంటాయి. అందుకని స్టేజీ వెనక, షామియానాకు కనీసం నలభై అడుగుల దూరంలో, గాలి షామియానా వైపు వీచని చోట మంటకు జాగా చూపించాలి. రెండు బకెట్ల నీళ్లు, ఒక తట్ట ఇసుక దగ్గర పెట్టుకోవాలి. టెంటు హౌసు గుడ్డకు నిప్పురవ్వ చాలు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే కాచిన డప్పులు చల్లారిపోతాయి. గంటన్నర ఆలస్యమంటే ఆ పని మళ్లీ మొదటినుంచి.

నట్లు బిగించే ఫైబరు డప్పులు వచ్చాయి. వానాకాలంలో అవే దిక్కు. స్పానరు ఉంటే చాలు, నిప్పు అక్కర్లేదు. శబ్దంలో గుండె తక్కువ, కానీ ప్రోగ్రాం ఆగదు. మామూలు రోజుల్లో మాత్రం తోలు డప్పే వాయించాలన్నది మా అభిప్రాయం. జనం గాయకుణ్ని చూడటానికి వచ్చినా లేచి చిందేసేది ఆ తోలు మోతకే. ఇంకో మాట. ఉడుము తోలు కంజీర ఎవరి దగ్గరైనా ఉంటే ఇంట్లోనే ఉంచమని చెప్పాలి. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. చెక్‌పోస్టులో అది దొరికితే మనిషికే కాదు, ప్రోగ్రాముకూ ఆపద. మేకతోలువీ ఫైబరువీ దొరుకుతున్నాయి.

హార్మోనియంలో ఒక స్వరం మూగబోతే నూటికి తొంభై పాళ్లు రీడు నాలుక కింద దుమ్ము రేణువు ఇరుక్కుని ఉంటుంది. పై పలక విప్పి, పల్చటి కాగితం నాలుక కిందకు దూర్చి మెల్లగా లాగితే పోతుంది. గోటితో ఎత్తితే నాలుక వంగి అపశ్రుతి పలుకుతుంది. స్క్రూడ్రైవరు, మెత్తటి కుంచె, తరచు వాడే స్వరాలకు అదనపు రీడ్లు పెట్టెలో ఉండాలి. మేనేజరు దగ్గర పాటల జాబితా ఒకటి ఉంటుంది. అందులో పాట పేరు పక్కన శ్రుతి తప్పనిసరిగా రాసుకోవాలి. గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో, సహగాయని ఐదు శ్రుతిలో పాడితే జంటపాట వచ్చినప్పుడు ఏ శ్రుతికి సర్దుకోవాలో స్టేజీ మీద చర్చించడానికి వీలుండదు. వరసగా మూడోరోజు ప్రోగ్రాం ఉంటే పైస్థాయి పాటలు అర శ్రుతి దించి రాసుకోవాలి. మూడు రాత్రుల తర్వాత ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచాలి. ఏజెంట్లు నాలుగోది కూడా తగిలించాలని చూస్తారు. ఒప్పుకుంటే ఐదో ఊరికి గొంతు మిగలదు. ప్రయాణంలో ఇంజను మోతకు పైగా అరిచి మాట్లాడటం పాడటం కంటే ఎక్కువ అలసట. గాయకుణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టి ఫోను మేనేజరే తీసుకోవాలి.

కరెంటు. తిరునాళ్లలో ప్రోగ్రాములు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. వెయ్యి వాట్ల హేలోజన్లు ఎనిమిది, ఎల్‌ఈడీ లైట్లు ఓ మూడు కిలోవాట్లు, సౌండుకు ఐదు కిలోవాట్లు వేసుకుంటే పదహారు కిలోవాట్లు అవుతుంది. దానికి 25 కేవీఏ జనరేటరు కావాలి. 15 కేవీఏ తెచ్చి సరిపోతుందనే వాళ్లుంటారు. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా లైట్లు మసకబారి, చివరికి సౌండు మిక్సరు ఆగి మళ్లీ మొదలవుతుంది. డీజిలు గంటకు దగ్గర దగ్గర ఐదు లీటర్లు తాగుతుంది. సౌండ్ చెక్‌తో కలిపి ఆరు గంటలకు ముప్పై లీటర్లు పోయించి ఉంచాలి, సగంలో బంకుకు మనిషిని పంపే పని పెట్టుకోకూడదు. లైట్లు ఒక ఫేజు మీద, సౌండు ఇంకో ఫేజు మీద ఉండాలి. కలిపితే స్పీకర్లలో గుర్రుమనే రొద ఆగదు.

అన్నిటికంటే ప్రమాదం న్యూట్రల్ ఊడిపోవడం. మూడు ఫేజుల బోర్డులో న్యూట్రల్ వైరు వదులైతే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా ఎక్కుతుంది. ఒక్క క్షణంలో కీబోర్డు, మిక్సరు, యాంప్లిఫయర్లు కాలిపోతాయి. అందుకని బోర్డుకు తగిలించకముందే మీటరు పెట్టి మూడు ఫేజులూ విడివిడిగా చూడాలి, కరెంటు కట్టేసి న్యూట్రల్ వైరు బిగువుగా ఉందో లేదో లాగి చూడాలి. స్టేజీ పక్కనే ఎర్తు కడ్డీ దిగగొట్టి నీళ్లు పోయాలి. ఎర్తు లేకపోతే మైకు పెదవికి తగిలినప్పుడు చిమచిమలాడుతుంది. అది చిన్న విషయమని పాడించకూడదు. కాళ్లు తడిగా ఉంటే అదే ప్రాణం తీస్తుంది. లైను వైర్లకు కొక్కేలు తగిలించి కరెంటు తీసుకోవడం ఊళ్లలో ఇంకా ఉంది. కరెంటు పంపిణీ సంస్థలు, నెల్లూరు వైపు దక్షిణ డిస్కం, ప్రకాశం వైపు సెంట్రల్ డిస్కం, తాత్కాలిక కనెక్షను ఇస్తాయి. దరఖాస్తు పెట్టి తీసుకోవాలి.

సౌండులో ఒక్కటి చెబుతాం. గుడికి ఊరంతా కట్టిన హారన్లకు స్టేజీ పాటను కలపకండి. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. నూరు మీటర్ల అవతలి హారన్ నుంచి అదే పాట సెకనులో మూడో వంతు ఆలస్యంగా తిరిగి గాయకుడి చెవిలో పడుతుంది. తాళం అక్కడే తప్పుతుంది. డప్పుల వేగంలో సెకనులో మూడో వంతంటే ఒక దెబ్బ తేడా. తిరునాళ్లలో ప్రభలు (లైట్లతో అలంకరించిన ఎత్తైన చట్రాలు) పక్కపక్కనే నిలిపి ఒక్కో ప్రభ ముందు ఒక్కో ప్రోగ్రాం పెడతారు. ఎవరి స్పీకర్లు వాళ్లు పెంచుకుంటూ పోతే చివరికి ఎవరి పాటా వినపడదు. రెండు ప్రభల కమిటీలు ముందే కూర్చుని స్పీకర్లు ఎదురెదురుగా పడకుండా తిప్పుకోవచ్చు, లేదా గంట చొప్పున వంతులు వేసుకోవచ్చు. సౌండ్ చెక్‌లో డప్పులతో మొదలెట్టి, డోలక్, కీబోర్డు, కోరస్, చివర గాయకుడు. గాయకుడికి ఐదు నిమిషాలు చాలు. ముందే పిలిచి గంటసేపు 'హలో హలో' అనిపిస్తే సగం గొంతు అక్కడే పోతుంది.

స్టేజీ ఇరవై నాలుగడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉంటే పద్నాలుగు మందీ ఆడతారు. చెక్కలు ఊగకూడదు. స్టేజీ ముందు ఆరడుగులు వదిలి తాడు కట్టాలి. బాణసంచా స్టేజీ పక్కన కాకుండా ఊరికి అటువైపు కాల్చాలి. ఆ పొగ ఒక్కసారి గొంతులోకి పోతే ఆ రాత్రికి పైస్థాయి అందదు.

పార్టీలో ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు లోపల గడియ ఉన్న గది, పక్కనే నీళ్లున్న మరుగుదొడ్డి కావాలి. ఇది కోరిక కాదు, మొదటి షరతు. బడి గది ఇస్తామంటారు, తాళం హెడ్‌మాస్టరు గారి దగ్గర, ఆయన ఊళ్లో ఉండరు. ముందురోజు రాత్రే తాళం తెచ్చి, బల్బు వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టించి ఉంచాలి. షామియానా గుడ్డ అడ్డం కట్టి అందులో బట్టలు మార్చుకోమనడం అవమానం. గది లేక అరకిలోమీటరు అవతల ఎవరింటికో పోయి వస్తే వేషం మార్చిన ప్రతిసారీ అరగంట ఆలస్యం కూడా.

భోజనం దగ్గర ఇంకో మాట నిర్మొహమాటంగా రాయాలి. కొన్ని ఊళ్లలో గాయకుడికి కమిటీ పెద్దల ఇంట్లో ఆకు వేస్తారు, డప్పులవాళ్లకు బయట పొట్లాలు పంచుతారు. పద్నాలుగు మందీ ఒకే పంక్తిలో కూర్చునే చోటే గాయకుడు కూడా తినాలి. ఈ మాట ఒప్పంద కాగితంలోనే రాసుకోవడం మొదలుపెట్టాం, రాసిన చోట పేచీ రావడం లేదు. ప్రోగ్రాముకు ముందు నాలుగున్నరకల్లా ఇడ్లీయో ఉప్మానో చాలు. అసలు భోజనం ముగిశాకే. మన వైపు వచ్చినవాళ్లకు చేపల పులుసు పెట్టి పంపాలని ఉంటుంది, మంచి మనసే. మర్నాడు ప్రోగ్రాం లేకపోతే ఆనందంగా తింటారు. ఉంటే అర్ధరాత్రి పులుపూ కారమూ తిని వెంటనే పడుకున్న గొంతు తెల్లారేసరికి బొంగురుపోతుంది. ఆ పూటకు చారన్నమో చపాతీయో పెట్టండి. కనిగిరి చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. మైకు వాళ్లతో కలిపి ఇరవై మందికి వేసవిలో 20 లీటర్ల క్యాన్లు నాలుగు తెప్పించాలి, ఐసు వేయకుండా.

పాట మొదలయ్యాక కాలం తినేసేవి రెండు, సన్మానాలు, చదివింపులు. ఐదు వందలు చదివించి తన పేరు మైకులో చెప్పమని పాట మధ్యలో చీటీ పంపుతారు. ఆపి చదివితే పాట విరుగుతుంది, చదవకపోతే కోపం. పాటకూ పాటకూ మధ్య, మూడు పాటలకొకసారి, ఒకేసారి పది పేర్లు చదివితే ఎవరికీ నొప్పి ఉండదు. చదివేది పార్టీ మనిషి కాకుండా ఊరి మనిషే కావాలి. ఇంటిపేర్లు తప్పు పలికితే గొడవ. సన్మానం మొదటి పాటకు ముందో చివరి పాట తర్వాతో పెట్టుకోవాలి. డప్పులు మంచి వేడి మీద ఉన్నప్పుడు మధ్యలో శాలువాలు తెచ్చి ఇరవై నిమిషాలు ఆపితే చర్మమూ చల్లబడుతుంది, జనమూ చల్లబడతారు.

డబ్బు విషయం నోటిమాట మీద పెట్టుకోవద్దు. ఒక్క పేజీ కాగితం చాలు. తేదీ, స్థలం, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, మనుషుల సంఖ్య, సౌండు, జనరేటరు ఎవరివి, గది, భోజనం, వాన వస్తే ఏం చేయాలి, సగం అడ్వాన్సు, మిగతాది స్టేజీ ఎక్కకముందు. ప్రోగ్రాం అయ్యాక అంటే కోశాధికారి దొరకరు, పద్నాలుగు మందీ చీకట్లో నిలబడాలి. జానపద, శాస్త్రీయ కళాకారుడు తన ప్రదర్శనకు తీసుకునే పారితోషికం 1,50,000 రూపాయల లోపైతే జీఎస్టీ లేదు. అయితే ఆ మినహాయింపు కళాకారుడికే. ఈవెంటు సంస్థ మధ్యలో ఉండి సౌండు, లైట్లు కలిపి ఇచ్చే బిల్లుకు వర్తించదు. కళాకారుడి రసీదు విడిగా తీసుకుంటే కమిటీకి కలిసొస్తుంది. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. ఎన్నికల నియమావళి ఉన్న రోజుల్లో యాభై వేలు దాటిన నగదుతో రాత్రిపూట చెక్‌పోస్టు దాటాలంటే ఈ ఒప్పంద కాగితమే ఆధారం. డప్పులవాళ్ల డబ్బు ఆ రాత్రే వాళ్ల చేతిలో పడాలి. అది మేనేజర్లు మాకు మేం చెప్పుకోవాల్సిన మాట.

తిరుగు ప్రయాణం. మైకు కట్టాక వ్యానెక్కి తెల్లారేసరికి ఇంకో ఊరు చేరాలనుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో తెచ్చిన చట్టం ఆనాడే డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు కట్టింది. ఉదయం పదకొండుకు బండి తీసిన మనిషి రాత్రి రెండింటికి జాతీయ రహదారి మీద ఉండకూడదు. మార్జిన్లో లైట్లు లేకుండా ఆపిన లారీలు ఆ వేళలో కళ్లకు ఆనవు. రెండో డ్రైవరు ఉండాలి, లేదా ఆ ఊళ్లోనే పడుకుని ఆరింటికి కదలాలి. మార్కాపురం వైపు ప్రోగ్రాం చేసి శ్రీశైలం పోవాలనుకునే పార్టీలు ఇంకోటి గుర్తుంచుకోవాలి. దోర్నాల నుంచి అడవిదారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. గేటు దగ్గర వ్యానులో కూర్చుని తెల్లవారేదాకా దోమలు తోలుకునే బదులు మార్కాపురంలో నాలుగు గదులు తీసుకోవడం చవక.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలకు అసలు వానాకాలం. కార్తీక మాసం ప్రోగ్రాములకు పైకప్పు ఉన్న చోటే మాట్లాడుకోవాలి, నెల్లూరులో పురమందిరం, ఒంగోలులో ఎన్టీఆర్ కళాక్షేత్రం లాంటివి. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కోసుకుపోయి, రహదారి కూడా తెగింది. అలాంటి రోజు పార్టీ రాలేదని అడ్వాన్సు తిరిగిమ్మనడం, రాకపోయినా పూర్తి డబ్బు ఇమ్మనడం రెండూ న్యాయం కావు. అడ్వాన్సులోంచి ప్రయాణం ఖర్చు మినహాయించి, మిగతాది కొత్త తేదీకి జమ వేసుకునే షరతు రాసుకుంటే సరిపోతుంది.

చివరగా పత్రిక వారికి ఒక విన్నపం. జిల్లా పేజీలో 'నేడు' శీర్షిక కింద ప్రోగ్రాం వేసేటప్పుడు ఒక్క సమయం కాకుండా మూడూ అచ్చు వేయండి: సభ 7 గంటలకు, పాట 7.30కు, ముగింపు 10కి. కమిటీ వాళ్లు వార్త తెచ్చి ఇచ్చినప్పుడే ఆ మూడూ అడగండి. అచ్చులో పడ్డ సమయం ముందు ముఖ్య అతిథి కూడా కాస్త తొందరపడతారు.

ఇట్లు,
జానపద పార్టీల ప్రయాణ ఏర్పాట్లు చూసే మేనేజర్లు,
నెల్లూరు, ఒంగోలు.